జనం వైపు తిరిగిన హెలెన్

కెనడాలోని సార్నియాలో కాలేజీ చదువు ముగించి, అక్కడే ఒక కాఫీ షాపులో పనిచేస్తున్న శ్రావ్య అనే అమ్మాయి పోయిన చలికాలంలో నాకు ఫోన్ చేసింది. వాళ్ళది కరీంనగర్. ఎవరో తెలిసినవాళ్ళు నా నంబరు ఇచ్చారట.

“ఆంటీ, నేను థియేటర్ల స్టేజ్ మేనేజ్‌మెంట్ కోర్సుకు అప్లై చేద్దామనుకుంటున్న. మా అమ్మకు చెప్తే, పెళ్ళిళ్ళకు స్టేజీలు కడ్తరు చూడు, ఆ పనా అంటున్నది. ఏం చెప్పాలె?”

నవ్వు ఆగలేదు. మా అమ్మ కూడా ఇంచుమించు అదే అడిగింది. “తెర లాగే ఉద్యోగమా?” అంది. తెర కూడా మేం లాగం, లాగమని చెబుతాం. ఆ మాట అంటే ఆవిడ ఇంకా బెంగపెట్టుకుంది.

శ్రావ్య కోసం మొదలుపెట్టి, ఈ పనిలోకి రాబోయే పిల్లలందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, యూనియన్ కాగితాలు ఎలా నింపాలి లాంటివి రాయను. అవి ఎవరైనా చెబుతారు. ఈ పని అసలు ఏమిటో నాకు బోధపడింది ఒక నాటకం దగ్గర. ఎక్కువగా దాని గురించే చెబుతాను.

కాపురం మేం చేయించాలి

రిహార్సల్ మొదటి రోజు నుంచి ఆఖరి ప్రదర్శన దాకా నాటకంతో ఉండేది స్టేజ్ మేనేజర్. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ మాట దగ్గర లైటు మారాలో, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలో మా దగ్గర ఉంటుంది. ప్రదర్శన నడుస్తున్నప్పుడు స్టేజీ పక్కన ఒక చిన్న బల్ల ముందు, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటాం. “స్టాండ్ బై” అంటే లైట్ల వాళ్ళు, సౌండ్ వాళ్ళు సిద్ధంగా ఉంటారు. “గో” అంటే మారుస్తారు. నేను “గో” అనకపోతే తెల్లారదు, పొద్దుగూకదు. ఇంట్లో నా మాట ఎవరూ వినకపోయినా అక్కడ సూర్యుడు వినేవాడు.

ఇంకో సంగతి ముఖ్యం. మొదటి ప్రదర్శన అయిపోగానే దర్శకుడు వేరే పని చూసుకుంటాడు. ఆయన ఎలా పెట్టి వెళ్ళాడో అలాగే ఆఖరి రోజు దాకా నాటకాన్ని నిలపడం మా బాధ్యత. మా వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే, దర్శకుడు పెళ్ళి చేసి వెళ్ళిపోతాడు, కాపురం మేం చేయించాలి. నటుడు తనకు తోచిన మార్పు చేస్తే, అది ఎంత బాగున్నా, వెనక్కి పెట్టమని, అంటే మునుపటిలాగే చేయమని చెప్పాల్సింది మేమే. దీనివల్ల మేం ఎవరికీ ఇష్టులం కాము. పర్వాలేదు.

తొలి రోజు తిన్న చీవాట్లు

మాది తెనాలి. మా శేషగిరి మామయ్య పద్యనాటకాల్లో ఆడవేషాలు కట్టేవాడు. అప్పటికే చాలా కంపెనీల్లో ఆడవాళ్ళే ఆడవేషాలు వేస్తున్నారు, మా ఊరి నాటక సమాజంలో మాత్రం ఇంకా మామయ్యే రాణి. ఆయన పెట్టుకునే కుచ్చిళ్ళు చూసి మా అత్తయ్య మూతి ముడిచేది. ఆవిడకు అంత బాగా వచ్చేవి కావు మరి. నేనూ వేషం వేస్తానని అడిగితే, “ఇంటి ఆడపిల్ల తెర ముందుకు రావడమేమిటే?” అని కసిరాడు, అద్దం ముందు జడ బిగించుకుంటూనే.

తెర పక్కన కూర్చుని ప్రాంప్టింగ్ చెప్పడానికి మాత్రం ఒప్పుకున్నాడు. మా దగ్గర ప్రాంప్టింగ్ అంటే నాటకం మొత్తం చెప్పడమే. నటుడు ఒక మాట అంటుండగానే తర్వాతి మాట పక్కనుంచి అందిస్తూ పోవాలి. కొందరు నటులు నాటకం చదివేవారే కాదు, నా గొంతు మీదే నడిపించేవారు. ముందు వరసకు నా మాట కూడా వినపడేది, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. మామయ్య అయితే ఎదురుగా రాజు నిలబడి ఉన్నా రాజును చూసేవాడు కాదు, జనాన్ని చూసేవాడు. కష్టం వస్తే జనానికి చెప్పుకునేవాడు. జనం కూడా ఊరుకునేవారు కాదు, సలహాలు చెప్పేవారు. పద్యం బాగుంటే వన్స్ మోర్ అని అరిచేవారు. చచ్చి పడున్న రాజు లేచి, ఆ పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవాడు.

పెళ్ళయి కెనడా వచ్చాక, మా ఆయన నార్త్ యార్క్‌లో బ్యాంకు ఉద్యోగానికి వెళుతుంటే, నేను అపార్ట్‌మెంట్‌లో గోడలు చూస్తూ కూర్చోలేక దగ్గర్లోని ఒక చిన్న నాటక బృందంలో చేరాను. అక్కడ పని నేర్చుకుని తర్వాత ఉద్యోగంగా చేసుకున్నాను. తొలి రోజు రిహార్సల్లో ఒక పెద్ద నటుడు మాట మధ్యలో ఆగాడు. వెంటనే అందించాను. ఇంకోచోట ఆగాడు, మళ్ళీ అందించాను. మూడోసారి ఆయన నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

“అమ్మాయీ, నేను మర్చిపోలేదు. ఆలోచిస్తున్నాను. నా పాత్రను కాస్త ఆలోచించుకోనివ్వు.”

గదంతా నవ్వింది. ఇక్కడి పద్ధతి వేరు. రిహార్సల్లో నటుడు మర్చిపోతే “లైన్” అని అడుగుతాడు, అప్పుడే ఇవ్వాలి. ప్రదర్శనలో అసలు ఇవ్వకూడదు. స్టేజ్ మేనేజర్ గొంతు ప్రేక్షకుడికి వినపడిందంటే ఎక్కడో తప్పు జరిగినట్టే. ఆ రోజు నుంచి ఆగడానికీ మర్చిపోవడానికీ తేడా కనిపెట్టడం నేర్చుకున్నాను. కళ్ళు చూడకండి, నటులు కళ్ళతో బొంకగలరు. చేతులు చూడండి.

ఆవిడ పేరు ఎందుకు రాయడం లేదంటే

ఇక అసలు నాటకం. ఇంగ్లీషులో పదిహేడో శతాబ్దంలో ఒక స్త్రీ రాసిన హాస్య నాటకం అది. ఆవిడ పేరు రాయను. రాస్తే మీరు వెంటనే ఫోన్ తీసి, ఎవరో ఏదో అన్నారని చదివి, నాటకం చూడకుండానే తీర్పు చెప్పేస్తారు. ఆవిడకు జరిగిన అన్యాయమే అది. నా వంతు నేను తగ్గిస్తున్నాను.

ఇంగ్లండులో ఆ శతాబ్దం మధ్య దాకా వృత్తి నాటకశాలల్లో ఆడవేషాలు మగపిల్లలే వేసేవారు. ఈ మాట చదివి మన పిల్లలు ఆశ్చర్యపోతారు, మా మామయ్యను చూసినదాన్ని కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు. అలాగని ఆడవాళ్ళు నాటకశాలలో లేరని కాదు. తలుపు దగ్గర డబ్బులు తీసుకున్నవాళ్ళలో ఆడవాళ్ళు ఉన్నారు, దుస్తులు కుట్టినవాళ్ళలో ఉన్నారు, ముస్తాబు చేసినవాళ్ళలో, పళ్ళు అమ్మినవాళ్ళలో ఉన్నారు. స్టేజీ మీదకు రాకముందే స్టేజీ చుట్టూ ఉన్నారు. తర్వాత నటించడానికి వచ్చారు, ఆ వెనకే నాటకాలు రాసి బతకడానికీ కొందరు వచ్చారు. నేను చెప్పే రచయిత్రి వాళ్ళలో ఒకరు.

ఆవిడ బతికున్నప్పుడు నాటకాలు బాగా ఆడాయి. పోయాక, ఆడది ఇలాంటి సరసాలు రాయవచ్చా అని పక్కన పెట్టారు. అవే సరసాలు రాసిన మగవాళ్ళకు చమత్కారులని పేరు మిగిలింది. ఇది నా ఏడుపు కాదు, జరిగిన సంగతి. ఎవరూ ఆడకపోతే ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియకపోతే, నాటకం బాగాలేదు కాబట్టే ఎవరూ ఆడలేదనుకుంటారు. రచయిత పేరుప్రతిష్ఠలంటే నాకు తెలిసినంతలో ఇంతే, ఎవరో ఒకరు రోజూ నిలబడి ఆ మాటలు పలకాలి.

కానర్ కత్తెర

మా దర్శకుడు కానర్. పనిమంతుడు, నోటి దురుసు, మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి మాట్లాడడు. నా పై అధికారుల్లో మంచివాళ్ళ లెక్కలోనే వేస్తాను. మా కంపెనీ పాతకాలపు రచయిత్రుల నాటకాలు మూడు వరసగా వేయాలనుకుంది. ఇది మొదటిది, టొరంటో, సార్నియా తిరిగి చివరికి కిచెనర్ చేరాలి. కిచెనర్‌లో మా సొంత హాలులో ఇది నిలబడకపోతే మిగతా రెండూ మానేసి, వాటి స్థానంలో ఎప్పుడూ వేసే క్రిస్మస్ కామెడీలు వేస్తామని కంపెనీ నడిపే బోర్డు వాళ్ళు ముందే చెప్పారు.

ప్రధాన పాత్ర హెలెన్‌ది. అప్పటికి అరవై దాటిన నటి. ఈ నాటకం వేయమని కంపెనీని ఏళ్ళ తరబడి పోరినది ఆవిడే. కథ తేలికే. ఆస్తి ఉన్న ఒక విధవను ఒక కెప్టెన్ ప్రేమిస్తున్నానంటూ వెంటపడతాడు. అతన్ని నమ్మాలా వద్దా అని ఆవిడ తర్జనభర్జన పడుతుంది. మాటిమాటికీ నాటకం ఆపి జనంతో మాట్లాడుతుంది. అదే కానర్‌కు నచ్చలేదు.

“మనసులో మాట సంభాషణలో చెప్పించడం చేతకాక జనానికి చెప్పిస్తోంది. రచన బలహీనం,” అన్నాడు రిహార్సల్లో.

“ఆ కాలంలో మగ రచయితలూ అలాగే రాశారు కదా,” అంది హెలెన్.

“వాళ్ళవీ కత్తిరిస్తాను.”

వాళ్ళవి ఇంత కత్తిరించడం నేను చూడలేదు. జనంతో చెప్పే మాటలు సగం పోయాయి. మిగిలిన సగం, గోడమీద చచ్చిపోయిన భర్త పటం ఒకటి పెట్టి, దానితో చెప్పించాడు. నాటకం అయ్యాక నటి ఒక్కతే ముందుకు వచ్చి రచయిత తరఫున జనంతో మాట్లాడడం ఆ కాలపు ఆచారం. ఆ చివరి ప్రసంగం పూర్తిగా తీసేశాడు. హెలెన్ తీసేసిన మాటలు కూడా ఇంట్లో బట్టీ పట్టింది.

మా మామయ్య అయితే పటంతో మాట్లాడేవాడు కాదని నాకు అనిపించింది. చెప్పలేదు. దర్శకుడు అడగకుండా స్టేజ్ మేనేజర్ సలహా ఇవ్వకూడదు. ఎవరి పని వారిది. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

టొరంటోలో ఒక చిన్న హాలులో మొదటి ప్రదర్శన జరిగింది. జనం మర్యాదగా చూశారు. మర్యాదగా చూశారంటే మా భాషలో విసుగొచ్చి దగ్గుతూ కూర్చున్నారని అర్థం. ఇంతకాలం ఈ నాటకాన్ని ఎందుకు మర్చిపోయారో తెలిసిందని పత్రికలో ఒకాయన రాశాడు. సార్నియా వెళుతూ వ్యానులో హెలెన్ అది చదివింది.

“చూడు వాసూ,” అంది. అక్కడ నా పూర్తి పేరు వసుంధర ఎవరికీ నోరు తిరగదు. “ఇది పోతే నాకు ఒక వేషం పోతుంది, అంతే. ఆవిడకు మాత్రం ఇంకో వందేళ్ళ శిక్ష పడుతుంది. ఒకసారి వేసి చూశాం, లాభం లేదు అంటారు.”

కిటికీలోంచి చూస్తూ ఏడ్చింది. నాకు చాలా బాధేసింది.

సార్నియాలో సుశీల గారు

సార్నియాలో మాకు తెలిసిన కుటుంబం ఒకటుంది. రంగారావు గారు అక్కడి కెమికల్ ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. భార్య సుశీల గారు. నరసరావుపేట వైపు వాళ్ళు. నేను వచ్చానంటే గోంగూర పచ్చడి సీసా సిద్ధం. వాళ్ళకు ముందు వరసలో సీట్లు ఇప్పించాను.

నాటకం సగానికి వచ్చింది. కెప్టెన్ వేషం వేసే డేనియల్ లోపలికి వెళ్ళి, గుర్రపు స్వారీ బూట్లు తొడుక్కుని తిరిగి రావాలి. హెడ్‌సెట్‌లో ముస్తాబు చేసే అమ్మాయి గొంతు వినిపించింది.

“వాసూ, బూటు ఎక్కడం లేదు. జిప్పు ఇరుక్కుంది.”

స్టేజీ మీద హెలెన్ ఒక్కతే ఉంది. పటంతో చెప్పాల్సిన మాట అయిపోయింది. తలుపు వైపు చూసింది, ఎవరూ రాలేదు. పటం వైపు చూసింది, అదేం మాట్లాడుతుంది? హాల్లో దగ్గులు మొదలయ్యాయి. అప్పుడు హెలెన్ మెల్లగా జనం వైపు తిరిగింది. స్టేజీ అంచుకు వచ్చి, ముందు వరసలో ఉన్న సుశీల గారి మొహంలోకి చూసి, కానర్ కొట్టేసిన మాట పలికింది.

“రేపే పెళ్ళాడతానంటున్నాడు. నమ్మమంటారా?”

“నమ్మొద్దమ్మా తల్లీ!” అన్నారు సుశీల గారు గట్టిగా, తెలుగులో.

హెలెన్‌కు అర్థం కాలేదు. ముందుకు వంగి, “ఏమన్నారు?” అని అడిగింది.

“డోంట్ బిలీవ్ హిమ్! నో గుడ్ ఫెలో!”

హాలు గొల్లున నవ్వింది. హెలెన్ ఆ నవ్వు తగ్గేదాకా ఆగి, కొట్టేసిన మాటలన్నీ వరసగా అందుకుంది. ఒక్కో మాట ఒక్కొక్కరిని అడుగుతోంది. జనం జవాబులు చెబుతున్నారు. ఇంతసేపూ దగ్గినవాళ్ళే! చివరికి డేనియల్ ఒక బూటు సగమే ఎక్కించుకుని కుంటుకుంటూ రాగానే, హాలంతా ఒక్కసారి “ఊఁ” అని నిరసనగా మూలిగింది. పాపం అతను బిత్తరపోయాడు.

నా చెవిలో లైట్ల అబ్బాయి గోల పెట్టాడు. “ఇదంతా స్క్రిప్టులో ఎక్కడుంది?”

“లేదు. నేను చెప్పేదాకా దేనిమీదా చెయ్యి వేయకు.”

తెనాలి వదిలాక నాటకశాలలో ఆ చప్పుడు వినడం అదే మొదలు. ఆ రచయిత్రి కాలంలో జనం మీదా నటుల మీదా ఒకే వెలుగు ఉండేది. ఆవిడ రాసింది ఎదుటివాళ్ళ మొహాలు కనపడే నటికోసం. మేం జనాన్ని చీకట్లో కూర్చోబెట్టి, నటిని గోడవైపు తిప్పి, రచన బలహీనమన్నాం.

నాటకం అయ్యాక బయట లాబీలో రంగారావు గారు భార్యను చీవాట్లు పెడుతున్నారు.

“ఎక్కడున్నామో తెలియొద్దూ? ఇదేమన్నా మన నరసరావుపేట అనుకున్నావా?”

“నేనేం జేశానండీ? ఆవిడ నా మొహంలోకి చూసి అడిగింది. పెద్దదాన్ని, అడిగితే పలక్కుండా కూర్చుంటానా?” అని ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. “సారీ అమ్మా వసుంధరా. నీ ఉద్యోగానికేం ఇబ్బంది రాదు గదా?”

నియమం నియమమే

హెలెన్ మేకప్ తుడుచుకోకుండానే నా దగ్గరకు వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

“కానర్‌కు చెప్పకు వాసూ. కిచెనర్‌లో కూడా ఇలాగే చేయనివ్వు. బోర్డు వాళ్ళు ఆ నవ్వు వింటే చాలు. ఆ తర్వాత నన్నేమైనా చేసుకోనీ.”

“చెబుతాను,” అన్నాను.

“నువ్వు కూడా ఆడదానివే కదా!”

“ఆడదాన్నే. స్టేజ్ మేనేజర్‌ని కూడా.”

అది విని హెలెన్ తలుపు విసురుగా వేసుకుని వెళ్ళిపోయింది. ఇక్కడ కొత్తవాళ్ళకు ఒక మాట. స్నేహితురాలికి మంచి జరుగుతుందని దర్శకుడి దగ్గర దాచడం నమ్మకంగా ఉండడం కాదు. నేను దాస్తే ఆ మార్పు దొంగసొత్తు అవుతుంది. ఎప్పుడో ఒకప్పుడు బయటపడి, నాటకం మంచిచెడ్డలు పోయి క్రమశిక్షణ గొడవ మిగులుతుంది. ఆ రచయిత్రికి అసలే మంచి పేరు లేదు, మేం ఇంకో మచ్చ పెట్టడమెందుకు?

కానర్‌కు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

“వెనక్కి పెట్టించు,” అన్నాడు.

“పెట్టిస్తాను. నువ్వు మాత్రం రేపు ఇక్కడికి రావాలి.”

“ఎందుకు?”

“జనం ఎలా నవ్వారో ఫోన్లో చెప్పడం నాకు చేతకాదు.”

అతను ఫోన్ పెట్టేశాడు. మర్నాడు మధ్యాహ్నం ప్రదర్శనకు మాత్రం మంచులో కారు నడుపుకుంటూ వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. హెలెన్ అలిగినా పద్ధతి తెలిసిన నటి, వెనక్కి పెట్టమంటే పెట్టింది. పటంతో మాట్లాడింది. హాల్లో దగ్గులు. ముందు రోజు సరిగా చూడనివ్వలేదని మొగుడితో పోట్లాడి మళ్ళీ వచ్చిన సుశీల గారు, ఎక్కడ నోరు జారుతుందోనని శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

విరామంలో కానర్ నా దగ్గరకు వచ్చాడు. “ఏదీ నువ్వు చెప్పిన నవ్వు?”

లాబీలో సుశీల గారిని చూపించి, నిన్న మాట్లాడింది ఆవిడేనని చెప్పాను. ఇతను దర్శకుడని తెలియగానే ఆవిడ కంగారుపడి క్షమాపణ మొదలుపెట్టారు. కానర్ చేతులు అడ్డంగా ఊపాడు.

“క్షమాపణ వద్దు. ఇవాళ ఎందుకు మాట్లాడలేదో చెప్పండి.”

నేను తెలుగులో అడిగాను. ఆవిడ నాకు చెబితే నేను అతనికి చెప్పాను.

“నిన్న మమ్మల్ని చూసి అడిగింది, చెప్పాను. ఇవాళ గోడకేసి చూసుకుంటా ఉంది. ఇంటాయన పోయి బాధలో ఉందేమో, మధ్యలో మనం పలకరిస్తే ఏం బాగుంటుంది?”

కానర్ గడ్డం గోక్కుంటూ లోపలికి నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను. హెలెన్ గది తలుపు తట్టి, గుమ్మంలోనే నిలబడి అన్నాడు.

“నిన్న ఏం చేశావో అది చెయ్యి.”

“కొట్టేసిన మాటలతో సహానా?”

“సహా. ఆ దిక్కుమాలిన పటం నేనే దింపిస్తాను.”

ఆ మధ్యాహ్నం రెండో సగంలో హెలెన్ జనం వైపు తిరిగింది. నమ్మమంటారా అని అడగ్గానే, “నమ్మొద్దు!” అని మొదట అరిచింది రంగారావు గారు. సుశీల గారు కొంగు తీసి ఆయన్ని చూసిన చూపు నాకు స్టేజీ పక్కనుంచి కూడా కనపడింది.

కిచెనర్

సార్నియాకూ కిచెనర్‌కూ మధ్యలో మాకు దొరికిన కొద్దిపాటి రిహార్సల్లో కొట్టేసినవన్నీ తిరిగి పెట్టాం. హాల్లో లైట్లు పూర్తిగా ఆర్పకుండా సగం ఉంచమన్నాడు కానర్. చివరి ప్రసంగాన్ని ప్రదర్శన రోజు ఉదయమే తిరిగి చేర్చాడు. హెలెన్‌కు అది వచ్చు, జనం ముందు మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు.

బోర్డు వాళ్ళంతా ఒకే వరసలో కూర్చున్నారు. నాటకం బాగా నడిచింది. కిచెనర్‌లో కంప్యూటర్ ఉద్యోగాల కుర్రకారు కూడా చాలామంది వచ్చారు, మొదట బిడియపడ్డారు, తర్వాత వాళ్ళ నోరు మూయించడం కష్టమైంది. అంతా అయ్యాక హెలెన్ ఒక్కతే విసనకర్ర పట్టుకుని ముందుకు వచ్చింది.

“హౌస్ లైట్స్, గో,” అన్నాను. జనం మీదా ఆవిడ మీదా ఒకే వెలుగు పడింది.

ప్రసంగం మొదలుపెట్టింది. మీరు ఇంతసేపూ చూసిన నాటకం కట్టినవాళ్ళు లోపల వణుకుతున్నారు, తీర్పు మీదే అంది. జనం నవ్వారు. అసలు ప్రశ్న దగ్గరకు వచ్చింది. ఆ నాటకమంతా రాసింది ఆ ఒక్క ప్రశ్న కోసమేనని నాకెప్పుడూ అనిపించేది. అక్కడ హెలెన్ ఆగింది.

మొదట అందరూ కావాలని ఆగిందనుకున్నారు. నేను చేతులు చూశాను. విసనకర్ర పుల్లలు వేళ్ళతో ఒక్కొక్కటే లెక్కపెడుతోంది. మాట పోయింది. మూడువందల ఏళ్ళ తర్వాత ఆ ప్రశ్న మళ్ళీ జనం ముందుకు వచ్చి నోట్లోనే ఆగిపోయింది, ఎదురుగా తేల్చాల్సినవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆవిడ స్టేజీ అంచున ఉంది, నేను గుసగుసగా చెబితే వినపడదు. గట్టిగా చెబితే హాలంతా వింటుంది. అలా వినపడకూడదన్నదే నేను ఉద్యోగమంతా కాపాడిన నియమం.

హెలెన్ నా వైపు చూసింది. నేను హెడ్‌సెట్ తీసి, తెనాలిలో మామయ్యకు అందించినట్టే అందించాను, ఆ గొంతుతోనే.

“ఇంతసేపూ నవ్వారు కదా. రాసింది ఆడదని ఇప్పుడు చెబితే, ఆ నవ్వు వెనక్కి తీసుకుంటారా?”

నా యాసతో సహా అందరికీ వినపడింది. తలలన్నీ స్టేజీ పక్కకు తిరిగాయి. హెలెన్ ఆ మాట మళ్ళీ అనలేదు. నా వైపు చెయ్యి చాపి, జనంతో అంది.

“ఆవిడ అడుగుతోంది. చెప్పండి.”

వెనక ఎవరో “తీసుకోం” అన్నారు. తర్వాత ఎవరెవరు అన్నారో తెలియదు. బోర్డు వరస కూడా లేచి నిలబడింది. తర్వాతి లైటుకు నేను “గో” అనాలి, హెడ్‌సెట్ ఇంకా నా చేతిలోనే ఉంది. లైట్ల అబ్బాయి కాసేపు చూసి తనే మార్చేశాడు. నా ఉద్యోగంలో నేను పిలవకుండా వెలిగిన లైటు అదొక్కటే.

మిగతా రెండు నాటకాలూ ఆ తర్వాత వేశాం. హెలెన్‌కు రెండింటిలోనూ వేషాలు దొరికాయి. పత్రికలో అదే పెద్దమనిషి రచయిత్రిని మెచ్చుకుంటూ, దర్శకుడి కొత్త ఆలోచన అద్భుతమని రాశాడు. ఆలోచన తనది కాదని కానర్ ఆ వారం ప్రేక్షకులతో మాట్లాడినప్పుడు స్వయంగా చెప్పాడు, జిప్పు సంగతితో సహా. సుశీల గారి మాట కూడా చెప్పాడని నేను ఆవిడకు ఫోన్ చేస్తే, ఆవిడ ముందు రంగారావు గారిని పిలిచి వినమన్నారు.

శ్రావ్యా, మీ అమ్మకు ఇలా చెప్పు. పెళ్ళి స్టేజీలు కట్టడం కాదు, స్టేజీ మీద ఉన్నవాళ్ళు పడిపోకుండా చూసుకోవడం. అప్లై చెయ్యి.

ఇంకొక్క మాట మిగిలింది. కిచెనర్‌లో ఆ రోజు ప్రదర్శన అయ్యాక కానర్ దగ్గరకు వెళ్ళి, నా గొంతు వినపడింది, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అతను “రేపు కూడా వినపడనివ్వు,” అన్నాడు. ఆఖరి ప్రదర్శన దాకా ఆ ప్రశ్న తెర పక్కనుంచి నేనే అడిగాను, హెలెన్ చెయ్యి చాపి జవాబు రాబట్టింది. నువ్వు చెప్పినట్టే తెర ముందుకు రాలేదు మామయ్యా. మాట మాత్రం వచ్చింది.